పసివాళ్ళ నోరు - మన చేతిలో ఉన్న అమానతు

అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన అనుగ్రహాలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 'అల్ బలద్' సూరాలో ఆయన మనిషికి రెండు కళ్ళను, ఒక నాలుకను, రెండు పెదవులను ఇచ్చిన సంగతి గుర్తు చేశాడు. ఆ పెదవుల వెనుక ఉన్న నోటితోనే మనం అన్నం తింటాం, కలిమా చదువుతాం, ఖుర్‌ఆన్ పారాయణం చేస్తాం. పెద్దవాడు తన నోటిని తాను చూసుకుంటాడు. మరి రెండేళ్ళ, మూడేళ్ళ, నాలుగేళ్ళ పసివాడి నోటిని ఎవరు చూడాలి? దాన్ని గురించి రేపు ప్రళయదినాన ఎవరిని అడగటం జరుగుతుంది?

ప్రతి మనిషీ ఒక కాపరి అని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి అతను జవాబు చెప్పుకోవలసి ఉంటుందని మహాప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మనం దీన్ని తరచూ పిల్లల చదువు గురించి, నమాజు గురించి చెప్పుకుంటాం. అది నిజమే. కాని పిల్లవాడి శరీరం కూడా ఆ సంరక్షణలోనే ఉంది. అందులో మనం అందరికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసే భాగం నోరు. అందుకే ఈ నెల ఆ విషయాన్నే మీ ముందు ఉంచుతున్నాం.

ప్రవక్త (స) ఆచరణలో నోటి శుభ్రత

తన సముదాయానికి కష్టమవుతుందన్న జాలి లేకపోతే ప్రతి నమాజు వేళా మిస్వాక్ చేయమని ఆజ్ఞాపించి ఉండేవాణ్ణని ప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). మిస్వాక్ నోటిని పరిశుభ్రపరుస్తుందని, ప్రభువును ప్రసన్నం చేస్తుందని మరో హదీసు తెలుపుతోంది (నసాయీ). ఆయన (స) ఇంట్లో అడుగు పెట్టగానే మొదట చేసే పని ఏమిటని అడిగితే, హజ్రత్ ఆయిషా (రజి) మిస్వాక్ అని సమాధానమిచ్చారు (ముస్లిం). రాత్రి నిద్ర లేచినప్పుడు కూడా ఆయన (స) పళ్ళు తోముకునేవారని హజ్రత్ హుజైఫా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ).

ఇక ఆయన (స) చివరి ఘడియలను గుర్తు చేసుకోండి. హజ్రత్ ఆయిషా (రజి)కి ఆనుకొని పడుకొని ఉన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ (రజి) చేతిలో మిస్వాక్‌తో లోపలికి వచ్చారు. ప్రవక్త (స) చూపు దాని మీదికి వెళ్ళింది. హజ్రత్ ఆయిషా (రజి) ఆయన మనసు గ్రహించి, ఆ పుల్లను తీసుకొని, తన పళ్ళతో నమిలి మెత్తబరిచి అందించారు. ఆయన (స) దానితో చక్కగా పళ్ళు తోముకున్నారు (బుఖారీ).

ఈ సంఘటనలో మిస్వాక్ ఘనత ఉందని మనమందరం చెప్పుకుంటాం. మరో పాఠం కూడా ఇందులో ఉంది. తన చేతిలో శక్తి లేనప్పుడు, దగ్గరివారి చెయ్యి ఆ పనికి తోడుగా నిలిచింది. పసివాడి చేతిలో కూడా ఆ శక్తి లేదు. మూడేళ్ళ పిల్లవాడి చేతికి బ్రష్షు ఇచ్చి, "వెళ్ళి పళ్ళు తోముకో నాన్నా" అంటే వాడు పేస్టు చప్పరించి వచ్చేస్తాడు. అక్కడ కావలసింది తల్లి చెయ్యి, తండ్రి చెయ్యి.

హైటెక్ సిటీ ఇళ్ళలో రాత్రి ఎనిమిది గంటలు

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల వరకు కంపెనీలు విస్తరించాయి. పాతబస్తీ నుంచి, కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్, కరీంనగర్‌ల నుంచి మన పిల్లలెందరో చదువుకొని ఇక్కడ ఉద్యోగాల్లో చేరారు. టోలీచౌకీ, షేక్‌పేట, మణికొండల్లో కాపురాలు పెట్టారు. హలాల్ సంపాదన కోసం శ్రమించడం పుణ్యకార్యమే. అల్లాహ్ వారి ఉపాధిలో బర్కత్ ప్రసాదించుగాక!

అయితే ఈ ఉద్యోగాల గడియారానికి ఒక ప్రత్యేకత ఉంది. న్యూయార్కులో ఉదయం తొమ్మిదైతే మనకు సాయంత్రం ఆరున్నరో, ఏడున్నరో అవుతుంది. అంటే అక్కడివాళ్ళు పని మొదలుపెట్టే వేళకు ఇక్కడ మగ్రిబ్, ఇషా వేళ. సరిగ్గా పసిపిల్లలకు అన్నం పెట్టి, నోరు కడిగి, పడుకోబెట్టవలసిన సమయం అదే. ఆ వేళకే తండ్రి చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకొని మీటింగులో కూర్చుంటాడు. తల్లి కూడా ఉద్యోగస్తురాలైతే ఆమె ముందు ఇంకో లాప్‌టాప్ ఉంటుంది. పిల్లవాడు ఏడిస్తే మీటింగు చెడిపోతుంది. అప్పుడు చేతికి దొరికేవి మూడు: సెల్‌ఫోను, బిస్కెట్టు, చక్కెర కలిపిన పాలసీసా. పిల్లవాడు సీసా నోట్లో పెట్టుకొనే నిద్రపోతాడు. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంలో వాడి పళ్ళ చుట్టూ రాత్రంతా తీపి పాలు నిలిచి ఉంటాయి.

చీకటిపడే వేళ పిల్లల్ని ఇంటికి చేర్చుకొమ్మని, వారి పట్ల జాగ్రత్త వహించమని ప్రవక్త (స) ప్రత్యేకంగా ఆదేశించారు (బుఖారీ). ఆ వేళ పిల్లవాడు ఇంట్లోనే ఉండి కూడా ఎవరి కంటా పడకపోతే, మనం ఆ ఆదేశంలోని భావాన్ని నెరవేర్చినట్లు అవుతుందా? ఆలోచించండి.

నజర్ తగిలిందా, పన్ను పుచ్చిందా?

మగ్రిబ్ తర్వాత మస్జిద్ గుమ్మం దగ్గర పసిబిడ్డల్ని ఎత్తుకొని దమ్ చేయించుకోవడానికి నిలబడేవారిని మీరు చూసే ఉంటారు. ఒకసారి అలా ఒక సోదరుడు మూడేళ్ళ పాపను మా వద్దకు తెచ్చాడు. "మౌలానా సాబ్, నాలుగు రోజులుగా రాత్రిళ్ళు ఏడుస్తోంది, అన్నం ముట్టడం లేదు. నజర్ తగిలిందేమో, కాస్త దమ్ చేయండి" అన్నాడు. మేము దుఆ చదివి ఊదాం. తర్వాత "పాప నోరు చూశారా భాయ్?" అని అడిగాం. సెల్‌ఫోను వెలుతురులో చూస్తే ముందు పళ్ళు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. వెనుక దవడ పన్ను పక్కన చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకొని, "ఓహో, పళ్ళా! పాల పళ్ళే కదా మౌలానా, ఎలాగూ ఊడిపోతాయి" అన్నాడు. ఆ రాత్రే పిల్లల దంతవైద్యుని వద్దకు తీసుకెళ్ళమని గట్టిగా చెప్పి పంపాం. పుచ్చు వేరు దాకా పోయి చీము పట్టిందని వైద్యుడు చెప్పినట్లు తర్వాత తెలిసింది. వైద్యం జరిగాక పాప మళ్ళీ అన్నం తినసాగింది. అల్‌హమ్దులిల్లాహ్.

నజర్ సత్యమే. దుఆ, దమ్ కూడా సున్నతులే. కాని వైద్యం చేయించుకొమ్మని ఆదేశించింది కూడా ఆ ప్రవక్తే (స). అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి మందు లేకుండా దించలేదని ఆయన తెలిపారు. దుఆ చేసి, వైద్యం మానుకున్నవాడు ఒంటెను కట్టకుండా వదిలేసి అల్లాహ్ మీద భారం వేశానని చెప్పినవాడితో సమానం. కట్టిన తర్వాతే భరోసా ఉంచమని కదా మనకు నేర్పినది!

"పాల పళ్ళే కదా" అనే మాట

ఈ ఒక్క మాట ఎన్నో పసినోళ్ళను పాడుచేస్తోంది. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

పాల పళ్ళు ఇరవై. సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో మొదటి పన్ను వస్తుంది. మూడేళ్ళు నిండేసరికి ఇరవయ్యీ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడటం మొదలవుతుంది. కాని పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వరకు నోట్లో ఉండవలసినవి. అంటే పిల్లవాడు ఎదిగే కాలమంతా వాటితోనే నమలాలి. రాబోయే పన్నుకు చోటు పట్టి ఉంచేది పాల పన్నే. అది ముందుగానే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలుతాయి, తర్వాతి పళ్ళు వంకరగా వస్తాయి. పాల పన్ను వేరులో చీము పడితే, దాని కింద తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినవచ్చు.

మరో సంగతి. మన హైదరాబాదు ఇళ్ళలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు 'బిస్మిల్లా' చేయించే ఆనవాయితీ ఉంది. అది సున్నతు కాదు, ఆచారం మాత్రమే. అయినా పిల్లలు ఖాయిదా పట్టుకునే వయసు అదే. అరబీలో 'సా', 'జాల్', 'జా' అనే మూడు అక్షరాలకు నాలుక కొన పై ముందు పళ్ళ అంచును తాకాలి. 'ఫా' పలకాలంటే పై పళ్ళు కింది పెదవిని తాకాలి. ఆ వయసుకే ముందు పళ్ళు పుచ్చి మొదళ్ళు మాత్రమే మిగిలితే బిడ్డ ఆ అక్షరాలను ఎలా పలుకుతుంది? తజ్వీదు నేర్పే ఉస్తాదును వెతికే ముందు, ఆ పళ్ళను కాపాడటం మన వంతు కాదా?

ఇది ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు కాదు. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో జరిపిన జాతీయ సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చు పళ్ళు కనిపించాయి. పాల పళ్ళ పుచ్చుతో బాధపడుతున్న పిల్లలు ప్రపంచవ్యాప్తంగా 51 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి నివేదికలో పేర్కొంది.

చిగుళ్ళు ఎందుకు రక్తం కారుతాయి?

పుచ్చు కంటికి కనబడుతుంది. చిగుళ్ళ రోగం మెల్లగా, నొప్పి లేకుండా వస్తుంది. పన్ను, చిగురు కలిసేచోట సూక్ష్మజీవులతో కూడిన మెత్తని పొర పేరుకుంటుంది. దాన్నే మనం పాచి అంటాం. ఇది నీళ్ళతో పుక్కిలిస్తే పోదు, రుద్దితేనే పోతుంది. రుద్దకపోతే చిగురు ఎర్రబడి, ఉబ్బి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. నోరు వాసన వేస్తుంది. అలాగే వదిలేస్తే పాచి గట్టిపడి గార అవుతుంది. గారను ఇంట్లో తీయలేం, వైద్యుడే తీయాలి.

1965లో హరాల్డ్ లో అనే దంతవైద్య నిపుణుడు, ఆయన సహచరులు డెన్మార్క్‌లో ఒక పరీక్ష చేశారు. ఆరోగ్యమైన చిగుళ్ళు ఉన్న పన్నెండు మంది పళ్ళు తోముకోవడం మానేశారు. మూడు వారాల లోపే అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టగానే సుమారు వారం రోజుల్లో చిగుళ్ళు మామూలు స్థితికి వచ్చాయి. ఇందులో మనకు ఎంత ఊరట ఉందో చూడండి! హృదయం మీద పాపం వల్ల పడ్డ నల్లని మచ్చ తౌబాతో తొలగిపోతుందని హదీసు చెబుతోంది. చిగురు విషయంలోనూ అల్లాహ్ తిరిగి కోలుకునే మార్గం తెరిచి ఉంచాడు. ఎముక దాకా పోనంత వరకు ఈ వాపు పూర్తిగా నయమవుతుంది.

అందుకే ఒక పొరపాటు చేయకండి. తోముతుంటే రక్తం వచ్చిందని చాలామంది తల్లులు భయపడి బ్రష్షు ఆపేస్తారు. ఆపితే పాచి ఇంకా పెరుగుతుంది. మెత్తని బ్రష్షుతో సున్నితంగా కొనసాగించాలి. పెద్దలతో పోలిస్తే పసిపిల్లల చిగుళ్ళు అంత సులభంగా వాచవు. కాబట్టి పసివాడి చిగురు నుంచి రక్తం వస్తోందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వారం పది రోజుల్లో తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే అంతకాలం కూడా ఆగకూడదు. జ్వరంతో పాటు నోటి నిండా పొక్కులు, ఎర్రగా వాచిన చిగుళ్ళు ఉంటే అది తరచూ హెర్పిస్ వైరస్ వల్ల ఐదేళ్ళలోపు పిల్లలకు వచ్చే జబ్బు అయి ఉంటుంది. అప్పుడు బిడ్డ నీళ్ళు తాగడం మానేయడమే పెద్ద ప్రమాదం. దెబ్బ తగలకుండానే ఐదేళ్ళలోపు పన్ను కదిలినా, చిగురు మీద చీము గుల్ల కనిపించినా, బుగ్గ వాచినా వెంటనే చూపించాలి. మూర్ఛకు వాడే కొన్ని మందుల వల్ల కూడా చిగుళ్ళు పెరుగుతాయి. అలాంటి పిల్లలు మందు ఆపకుండా దంతవైద్యుని వద్దకు వెళ్ళాలి.

మనం చేయవలసిన పనులు

మొదటిది, రాత్రి పనిని ఖాయం చేసుకోవాలి. రోజుకు రెండుసార్లు తోమాలి. అందులో పడుకునే ముందు తోమడం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడదు. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే ఇది మొదలుకావాలి. బిడ్డ తలను ఒడిలో పెట్టుకొని, పై పెదవిని వేలితో ఎత్తి, పన్ను-చిగురు కలిసేచోట బ్రష్షును చిన్న చిన్న సున్నాలుగా తిప్పాలి. బయటివైపు, లోపలివైపు, నమిలే భాగం, అంతా కలిపి రెండు నిమిషాల పని. ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దల చెయ్యి తోడుండాలి.

రెండవది, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలి. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత చాలు. అంతకు మించి వద్దు. ఎందుకంటే పిల్లలు మింగేస్తారు. నల్లగొండ ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ అతిగా చేరి తరాల పాటు ఎముకలనూ పళ్ళనూ ఎలా పాడుచేసిందో మనకు తెలుసు. బోరు నీళ్ళు తాగే కుటుంబాలు ఈ విషయం వైద్యుణ్ణి అడగాలి.

ఇక మిస్వాక్ సంగతి. మీరు మిస్వాక్ చేస్తుంటే పిల్లవాడు చూడాలి, ఆ సున్నతు మీద ప్రేమ పెంచుకోవాలి. కాని గట్టి పుల్ల పసి చిగుళ్ళకు గుచ్చుకుంటుంది. మిస్వాక్ లేనప్పుడు వేలితోనైనా రుద్దుకోవాలని హనఫీ ఫిఖా గ్రంథం 'హిదాయా'లో ఉంది. అసలు ఉద్దేశం శుభ్రత. కనుక చిన్నపిల్లలకు మెత్తని బ్రష్షు వాడటంలో ఏ సంకోచమూ అక్కర్లేదు.

మూడవది, సీసాతో నిద్రపుచ్చే అలవాటు మాన్పించాలి. తల్లి పాలు రెండు పూర్తి సంవత్సరాలు పట్టవచ్చని 'అల్ బఖర' సూరా తెలుపుతోంది. తల్లి పాలు గొప్ప అనుగ్రహం. అయితే పళ్ళు వచ్చాక రాత్రి పాలిచ్చే తల్లులు పడుకోబెట్టే ముందు బిడ్డ పళ్ళు తప్పక శుభ్రం చేయాలి. పాలసీసాను మాత్రం పక్క మీదికి రానివ్వకూడదు. రాత్రి దప్పిక వేస్తే మంచినీళ్ళు ఇవ్వాలి. చుసనీని తేనెలో ముంచి ఇచ్చే అలవాటు కూడా మంచిది కాదు. తేనెలో స్వస్థత ఉందని ఖుర్‌ఆన్ తెలిపింది, అది సత్యం. కాని ప్రతి మందుకూ ఒక వయసు, ఒక మోతాదు ఉంటాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు పెట్టకూడదని వైద్యులు చెబుతున్నారు. బిడ్డ పుట్టినప్పుడు తహ్‌నీక్ చేయడానికి ప్రవక్త (స) వాడింది ఖర్జూరం.

నాలుగవది, తీపికి వేళ పెట్టాలి. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టు, చాక్లెట్టు, డబ్బా జ్యూసు గంటకొకసారి నోట్లో పడుతుంటే పన్నుకు కోలుకునే వ్యవధి దొరకదు. తినేటప్పుడు తిని, తర్వాత నీళ్ళు తాగించాలి. 'సదఖా' సొమ్ములోని ఖర్జూరం ఒకటి పసివాడైన హజ్రత్ హసన్ (రజి) నోట్లో వేసుకుంటే, ప్రవక్త (స) వెంటనే దాన్ని ఉమ్మివేయించారు (బుఖారీ, ముస్లిం). అక్కడ కారణం ఆ కుటుంబానికి సదఖా నిషిద్ధం కావడం. అయినా ఒక విషయం గమనించండి. మనవడి నోట్లోకి ఏం పోతోందో తాతగారి కన్ను కనిపెట్టే ఉంది.

ఐదవది, అబద్ధం చెప్పి తోమించకండి. "తోముకుంటే చాక్లెట్ ఇస్తా" అంటుంటాం. ఇస్తే తోమిన ఫలితం పోయింది. ఇవ్వకపోతే అబద్ధమాడినవాళ్ళమయ్యాం. బిడ్డను ఏదో ఇస్తానని పిలిచిన ఒక తల్లిని ప్రవక్త (స) ఏమిస్తావని అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా రాయబడేదని ఆయన అన్నారు (అబూదావూద్). దానికి బదులు బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టించండి. తోమడం అయ్యాక పడుకునే ముందు చదివే దుఆ చెప్పించండి. శుభ్రత, దుఆ, నిద్ర, ఈ మూడూ ఒక వరుసలో అలవాటైన బిడ్డ పెద్దయ్యాక కూడా ఆ వరుస తప్పదు.

ఇది తల్లి పని మాత్రమేనా?

ఇంటి పనిలో ప్రవక్త (స) తన ఇంటివారికి తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కాబట్టి తండ్రులారా! ఆ రెండు నిమిషాలు మీరూ తీసుకోండి. మీటింగుకు పది నిమిషాల ముందే బిడ్డను ఒడిలో పడుకోబెట్టుకోండి. ఇద్దరిలో ఒకరికి పని ఉంటే రెండోవారు చేయాలి. ఇద్దరికీ పని ఉంటే నానీకి గాని, దాదీకి గాని, ఆయాకు గాని మీ ముందే ఒకసారి చేయించి నేర్పాలి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని నిర్దేశించింది. మీ బిడ్డ అలాంటి కేంద్రంలో ఉంటే, అక్కడ ఏం తినిపిస్తున్నారో, నిద్రకు సీసా ఇస్తున్నారో లేదో అడిగి తెలుసుకోండి.

ఆ అద్దాల మేడల నీడలోనే మరికొందరు సోదరులున్నారు. క్యాబ్ నడిపేవారు, రాత్రి కాపలా కాసేవారు, కంపెనీల్లో ఊడ్చి తుడిచేవారు. వారి పిల్లలకూ ఇరవై పాల పళ్ళే. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు చేసే ఆరోగ్య పరీక్షలో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మీ డ్రైవరుకు, మీ ఇంట్లో పనిచేసే అమ్మకు ఈ మాట చెప్పండి. వీలైతే వెంట ఒకరిని పంపండి. మంచికి దారి చూపినవానికి ఆ మంచి చేసినవానితో సమానమైన పుణ్యం లభిస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం).

ప్రియ సోదర సోదరీమణులారా! ఈ రాత్రి ఇషా తర్వాత మీ బిడ్డను దగ్గరికి తీసుకొని, పై పెదవి కాస్త ఎత్తి చూడండి. చిగురు గులాబీ రంగులో ఉంటే అల్‌హమ్దులిల్లాహ్ అనండి, దాన్ని కాపాడుకోండి. ఎర్రబడి ఉంటే ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. ఏడాది నిండిన బిడ్డను ఇంతవరకు దంతవైద్యునికి చూపించకపోతే ఈ వారంలోనే చూపించండి.

ఓ అల్లాహ్! నీవు మాకు అప్పగించిన పసివాళ్ళను కళ్ళకు చలువగా చేయి. వారి శరీరాలను, ఆత్మలను కాపాడే శక్తిని, ఓపికను మాకు ప్రసాదించు. వారి నోళ్ళను నీ గ్రంథ పారాయణంతో పరిమళింపజేయి. రేపు నీ ముందు ఈ అమానతు గురించి ప్రశ్న వచ్చినప్పుడు మమ్మల్ని సిగ్గుపడేవారిలో చేర్చకు. ఆమీన్!